డైఇథైల్‌కార్బమజీన్

డైఇథైల్‌కార్బమజీన్ (సంక్షిప్తంగా డి.ఇ.సి.) బోదకాలు వ్యాధిని కలిగించే ఫైలేరియా క్రిములపై వాడే మందు. హెట్రజాన్, బానోసైడ్ అనే వ్యాపార నామాలతో ఇది మన దేశంలో చాలాకాలం ప్రసిద్ధి పొందినది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆంధ్రుడైన డా. యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందం దీనిని కనుగొని 1947లో ప్రకటించినది. సుబ్బారావు పేరు చెప్పగానే ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ గుర్తుకు వస్తాయి. కాని శ్రీకాకుళం మొదలు నెల్లూరు వరకు గల కోస్తా ప్రజల ఇంటింటికీ చేరిన మందు ఇదే.

వ్యాధి, నెల్లూరు తీరం

నెల్లూరు జిల్లా రాష్ట్రంలోని ఫైలేరియా పీడిత జిల్లాలలో ఒకటి. పెన్నా నది చివరి ఆయకట్టు, బకింగ్‌హాం కాలువ, చెరువులు, పల్లపు నేలలు గల ఈ తీరంలో నీరు నిలువ ఉండే తావులకు కొదువ లేదు. వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ ముఖ్యంగా మురుగునీటిలో పెరుగుతుంది. అందువలన పల్లెలతోపాటు పట్టణాలలోని మురుగు కాలువలూ దీనికి నెలవులే.

వ్యాధికారక క్రిమి పేరు వుకరేరియా బాంక్రాఫ్టి. దారంవలె సన్నగా ఉండే పెద్ద క్రిములు శోషరస నాళాలలో ఏళ్ళ తరబడి జీవిస్తాయి. ఆడ క్రిమి 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. కుట్టిన దోమ వాటిని మరొకరికి చేరవేస్తుంది. ఆరోగ్య సిబ్బంది రాత్రి పదిగంటల తరువాత ఇళ్ళకు వచ్చి వేలిని పొడిచి రక్తపు చుక్క తీసుకొనడానికి కారణం ఇదే. క్రిములు రక్తంలో ఉన్నవారిలో చాలామందికి పైకి ఏ లక్షణమూ కనిపించదు. కాలు బోద ఎక్కడం, పురుషులలో వరిబీజం పెరగడం ఏండ్లు గడచిన పిమ్మట కలిగే పరిణామాలు.

ఆవిష్కరణ

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులలో వేలాదిమందికి ఫైలేరియా సోకినది. అప్పటికి వాడుకలో ఉన్న ఆంటిమొని, ఆర్సెనిక్ సమ్మేళనాలు విష ప్రభావం గలవి, దీర్ఘకాలం సూదుల ద్వారా ఎక్కించవలసినవి. నోటితో మింగగల, ప్రమాదం తక్కువైన చిన్న అణువు కావలసివచ్చినది. 1940లో లెడర్లీలో చేరిన సుబ్బారావు 1942 నాటికి అక్కడి పరిశోధనాధిపతి అయినాడు. ఆయన విభాగంలో రసాయనజ్ఞులు, పరాన్నజీవి శాస్త్రజ్ఞులు ఒకే సమస్యపై పక్కపక్కన పనిచేశారు. కుష్‌నర్ మొదలగువారు పదార్థాలను తయారుచేయగా, హ్యూయిట్ మొదలగువారు వాటిని జంతువులపై పరీక్షించారు.

ఔషధ రసాయన శాస్త్రంలో పని సాధారణంగా ఇట్లు సాగుతుంది. కొంచెమైనా పనిచేసే ఒక అణువును పట్టుకొని, దాని అంగాలను ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి మార్పుతో గుణం పెరిగినదా తగ్గినదా అని చూస్తారు. లెడర్లీ బృందం ఎంచుకొన్న మూలం పైపరజీన్. నాలుగు కర్బన పరమాణువులు, ఎదురెదురుగా రెండు నత్రజని పరమాణువులు గల ఆరు కోణాల వలయమిది. ఒకప్పుడు కీళ్ళవాతానికి వాడి విడిచిపెట్టిన పదార్థం. దీనికి రెండు నత్రజనుల వద్దనూ వేర్వేరు సమూహాలను తగిలించవచ్చును గనుక రసాయనజ్ఞునికి ఇది అనుకూలమైన చట్రం. ఒక వైపు మిథైల్ సమూహాన్ని, రెండవ వైపు డైఇథైల్ కార్బమైల్ సమూహాన్ని చేర్చగా లభించినదే డి.ఇ.సి. దీని అణువులో 10 కర్బన, 21 ఉదజని, 3 నత్రజని, 1 ఆమ్లజని పరమాణువులు మాత్రమే ఉన్నాయి. అణుభారం సుమారు 199. తయారీ తేలిక, ఖర్చు తక్కువ. మాత్రలలో సిట్రేట్ లవణ రూపంలో ఉంటుంది.

ఈ కథలో ముఖ్యమైనది పరీక్షా విధానం. పరిశోధకులు ప్రకృతిలోనే ఫైలేరియా సోకిన పత్తి ఎలుకలను, గుండెపురుగు గల కుక్కలను వాడారు. ఎలుకకు మందు ఇచ్చి, దాని రక్తంలోని మైక్రోఫైలేరియాలు తగ్గినవో లేదో లెక్కించారు. డి.ఇ.సి. ఇచ్చినపుడు అవి త్వరగా మాయమైనాయి. 1950లో ఇంగ్లండులో హాకింగ్, సీవెల్, థర్స్టన్ దీనిని తిరిగి పరిశీలించగా ఒక విచిత్రం తేలినది. గాజు పాత్రలోని మైక్రోఫైలేరియాలపై మందు పోసినా అవి హాయిగా కదులుతూనే ఉన్నాయి. శరీరంలో మాత్రం అవి కాలేయంలో చిక్కుకొని, అక్కడి భక్షక కణాల వాత పడుతున్నాయి. అనగా మందు క్రిమిని నేరుగా చంపుట లేదు, శరీరపు రక్షణ వ్యవస్థకు పట్టి ఇస్తున్నది. లెడర్లీవారు గాజు పాత్రలతోనే మొదటి వడపోత చేసి ఉంటే ఈ పదార్థం పనికిరానిదిగా అటక ఎక్కేది. వేలకొలది పదార్థాలను యంత్రాలతో వడపోసే నేటి పద్ధతికి కూడా ఈ ప్రమాదం తప్పలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1947లోనే ప్యూర్టోరికోలో రోగులపై జరిపిన పరీక్షల ఫలితాలు వెలువడినాయి. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. తన మందు కోస్తా జిల్లాలకు చేరడాన్ని ఆయన చూడలేదు.

శరీరంలో పనిచేయు తీరు

మింగిన 1–2 గంటలలో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరి, మూత్రం ద్వారా విసర్జితమవుతుంది. శరీర కణాలలో అరకిడోనిక్ ఆమ్లపు జీవక్రియను ఇది మారుస్తుందని, తద్వారా తెల్లకణాలు, రక్తఫలకాలు మైక్రోఫైలేరియాలను పట్టుకొనుట సులభమవుతుందని వివరిస్తారు. పెద్ద క్రిములలో కొన్నింటిని మాత్రమే చంపగలదు. అందుచేతనే ఏటేటా మందు మింగవలసివస్తున్నది. ఒక చిత్రమైన ఉపయోగమూ ఉన్నది. పగలు ఒక చిన్న మోతాదు ఇచ్చినచో, రాత్రివేళ మాత్రమే తిరిగే మైక్రోఫైలేరియాలు గంటలోపుగా రక్తంలోకి వస్తాయి. అప్పుడు పగటిపూటనే పరీక్ష చేయవచ్చును.

లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ ఇదే చట్రంపై సెంట్‌పెరజీన్ అనే పదార్థాన్ని రూపొందించినది గాని, అది డి.ఇ.సి. స్థానాన్ని ఆక్రమించలేకపోయినది.

సామూహిక పంపిణీ

1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమంలో ఈ మాత్రలను ప్రజలందరికీ పంచారు. మింగినవారిలో కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వాంతులు కలిగాయి. ఏ జబ్బూ లేదనుకొన్నవాడు మాత్ర వేసుకొని జ్వరపడితే రెండవసారి ఎందుకు మింగుతాడు? ప్రజలు సహకరించలేదు. 1960లో జరిపిన సమీక్ష తరువాత సామూహిక పంపిణీని మాని, దోమల పిల్లలను చంపుటపై దృష్టి నిలిపారు. నిజానికి ఆ జ్వరం చాలావరకు చనిపోయే క్రిముల వలన కలిగేది. రక్తంలో క్రిములు ఎక్కువగా ఉన్నవారికే అది ఎక్కువ.

ఏడాదికి ఒకే మోతాదు చాలునని తరువాతి పరిశోధనలలో తేలడంతో మందు తిరిగి వచ్చినది. 2004లో దేశంలోని ఫైలేరియా పీడిత జిల్లాలలో వార్షిక పంపిణీ మొదలైనది. తరువాత ఆల్బెండజోల్‌ను జతచేశారు. ఐవర్‌మెక్టిన్‌ను కూడా కలిపి మూడు మందులుగా ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సిఫారసు చేసినది. చైనాలో డి.ఇ.సి. కలిపిన ఉప్పును వంటలో వాడించారు. 2007లో ఆ దేశం బోదవ్యాధి నిర్మూలన సాధించినట్లు గుర్తింపు పొందినది.

సామూహిక పంపిణీలో 2–5 ఏళ్ళ పిల్లలకు 100 మి.గ్రా., 6–14 ఏళ్ళవారికి 200 మి.గ్రా., ఆపై వయసువారికి 300 మి.గ్రా. చొప్పున భోజనం తరువాత ఇస్తారు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఇవ్వరు. ఆఫ్రికాలో కనిపించే నదీ అంధత్వం ఉన్నవారికి ఇది కంటికి హాని చేయగలదు గనుక అక్కడ వాడరు. మన దేశంలో ఆ వ్యాధి లేదు. ఇప్పటికే బోద ఎక్కిన కాలిని ఈ మందు పూర్వపు రూపానికి తేలేదు. అట్టివారు రోజూ కాలిని సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకొని, పుండ్లు పడకుండా చూచుకొనుట, కూర్చున్నప్పుడు కాలు ఎత్తి ఉంచుట అవసరం. వరిబీజానికి శస్త్రచికిత్స ఉన్నది.