కావాలి, అవసరం, అక్కర

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రోజుకి వందసార్లు చెవిన పడే మాట 'రిక్వైర్‌మెంట్'. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళయితే 1997లో దీనికోసం ఏకంగా ఓ పత్రమే రాసిపెట్టుకున్నారు. ఏ మాట వాడితే తప్పనిసరి, ఏ మాట వాడితే 'చేస్తే మంచిది' అన్న సంగతి అందులో ఉంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 2119 అంటారు దాన్ని. మరి తెలుగులో ఏం చేద్దాం? ఫారంలో ఎర్ర నక్షత్రం గుర్తు పక్కన 'అవసరం' అని రాయాలా, 'ఆవశ్యకం' అనా, 'తప్పనిసరి' అనా? నిఘంటువు వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది. వాడుకలో అలా లేదు. ఎవరికి, ఎందుకు కావాలన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది. ఈ తేడా వల్ల ఊళ్ళకి ఊళ్ళే ఇబ్బంది పడిన చోటొకటి మన ఏలూరు పక్కనే ఉంది. కొల్లేరు సంగతి చెబుతున్నా. అక్కడికి వెళ్ళేముందు మాటల పుట్టుపూర్వోత్తరాలు కాస్త చూద్దాం.

అన్నిటికంటే పాతది 'వలయు'. 'కావలెను' అంటే 'అగు'కి 'వలెను' తగిలించిన మాట. అదే అరిగి అరిగి మనకి 'కావాలి' అయింది, తెలంగాణలో 'కావాలె' అయింది. చెయ్యాలి, వెళ్ళాలి, తినాలి అన్నిట్లోనూ తోకలా ఉన్నది ఈ 'వలెను'నే. దీనికి ఎదురుమాట 'వలదు', ఇప్పటి 'వద్దు'. వలపు, వలచడం కూడా దీని పక్కింటి మాటలే అని నా అనుమానం. ఎందుకంటే 'కావాలి'లో అవసరం ఒక్కటే లేదు, ఇష్టం కూడా కలిసే ఉంది. ఆస్పత్రిలో రోగికి రక్తం కావాలి, పిల్లాడికి ఐస్‌క్రీం కావాలి. ఇంగ్లీషువాడు ఈ రెంటికీ రెండు మాటలు పెట్టుకున్నాడు, మనం ఒక్కదాంతో సరిపెట్టుకున్నాం. 'కావాలని చేశాడు' అంటే బుద్ధిపూర్వకంగా చేశాడని.

తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో ఏ పెళ్ళికైనా వెళ్ళి చూడండి. "ఆయన మాకు బాగా కావలసినవారండి" అని పరిచయం చేస్తే అంతకన్నా గౌరవం లేదు. అదే మనిషిని "మాకు అవసరమైనవారండి" అని పరిచయం చేసి చూడండి. పెళ్ళి భోజనం అక్కడితో సరి!

ఈ 'అవసరం' సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. సంస్కృతంలో దానికి సమయం, సందర్భం అని అర్థం. హిందీవాళ్ళకి ఇప్పటికీ 'అవసర్' అంటే అవకాశమే. తమిళులకీ కన్నడిగులకీ అదే మాట తొందర. మనదగ్గరికొచ్చేసరికి అక్కరై కూర్చుంది. సందర్భం, తొందర, అక్కర... ఒకదాన్నుంచి ఇంకోదానికి జారడం పెద్ద కష్టమేం కాదు లెండి. 'అగత్యం' అంటే గతి లేకపోవడం, అంటే వేరే దారి లేదని. ఇప్పుడది పాత పుస్తకాల్లోనే ఎక్కువ కనిపిస్తోంది. 'జరూరు' అరబ్బీలో పుట్టి పారశీ మీదుగా దిగింది. ఏలూరు ఒక సర్కారుకి ముఖ్యపట్టణంగా ఉండేది. 1753లో నిజాం ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చిన నాలుగు సర్కార్లలో అదొకటి. గోల్కొండ కాలం నుంచీ పారశీలో కచేరీ నడిచిన చోట అలాంటి మాటలు జనం నోటికి రావడంలో వింతేముంది?

ఇక 'అక్కర'. ఇది దేశిమాట. కన్నడంలో 'అక్కరె' అంటే ప్రేమ, తమిళంలో 'అక్కఱై' అంటే శ్రద్ధ, పట్టింపు. సుమతీ శతకంలో అందరికీ నోటికొచ్చే పద్యం మొదలయ్యేది ఈ మాటతోనే. మనం రోజూ "అక్కర్లేదండి" అంటూనే ఉంటాం గానీ, 'అక్కర ఉంది' అనడం తగ్గిపోయింది. ఇంకోటి గమనించారా? ప్రభుత్వానికి అవసరాలుంటాయి, కంపెనీకి అవసరాలుంటాయి, వాటికి అక్కర ఉందని మాత్రం ఎవరూ అనరు. అక్కర మనిషికే.

సరే, కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వరదలు ఇందులోకే వస్తాయి. ఇక్కణ్ణుంచి ఉప్పుటేరు పట్టుకుని సుమారు 60 కి.మీ. నడిచి సముద్రంలో కలుస్తాయి. మధ్యలో లంకల మీద ఊళ్ళు, చేపల వేటే బతుకు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి ఇక్కడ చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు, చెరువులు పెరిగాయి. గట్లు లేచినకొద్దీ వరద నీటికి దారి తగ్గింది. 1999లో జీవో 120తో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు లోపలున్న 308 చ.కి.మీ.ని అభయారణ్యం చేశారు. అందులో జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. 2002లో రామ్‌సార్ జాబితాలోకి వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల మీద 'ఆపరేషన్ కొల్లేరు' అని గట్లు తెంపేశారు. 2008లో శాసనసభ కాంటూరుని 5 నుంచి 3కి తగ్గించమని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

ఇక్కడే మన మాట వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ చూడండి. అభయారణ్యంలోంచి ఏదైనా తీయాలన్నా, నీటి దారి మళ్ళించాలన్నా, అది వన్యప్రాణుల మేలుకి అవసరమని ప్రభుత్వానికి నమ్మకం కలగాలి. అలా తీసినదాన్ని చుట్టుపక్కల జనం తమ సొంత అవసరాలకి వాడుకోవచ్చు, వ్యాపారానికి మాత్రం కూడదు. రెండుచోట్లా తెలుగులో 'అవసరం' అనే అంటాం. కానీ మొదటిది ఆఫీసులో ఫైలు మీద తేలేది, రెండోది పొయ్యి మీద తేలేది. సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టుకోవచ్చన్నారు, బాగానే ఉంది. పట్టిన చేపలో కూరకి పోగా మిగిలింది సంతలో అమ్మి బియ్యం కొనుక్కుంటే అది సొంత అవసరమా, వ్యాపారమా? లంకలో మనిషికి రెండూ ఒకటే పని. వందల ఎకరాల్లో చెరువు తవ్వి చేపని లారీల మీద బయటి రాష్ట్రాలకి పంపేవాడు కూడా "మాకు కావాలి" అనే అంటాడు, అదే మాటతో! 'కావాలి'లో ఇష్టమూ అవసరమూ కలిసిపోయి ఉండటం మనకి ఇంట్లో సుఖంగానే ఉంటుంది గానీ ఇలాంటి చోట పెద్దవాడు చిన్నవాడి వెనక దాక్కోడానికి పనికొస్తుంది. గట్లు తెంపినప్పుడు తవ్వినవాడూ, అందులో కూలికి పోయేవాడూ ఒకే గుంపులో నిలబడ్డారు. తవ్వినవాడికి ఇంకోచోట ఇంకో చెరువుంటుంది. కూలివాడికి లంకే దిక్కు.

నీళ్ళు నిలిస్తే మునిగే ఊళ్ళవాళ్ళకీ కొల్లేరు కావాలి, చలికాలంలో వచ్చే పక్షులకీ కావాలి. వాళ్ళ మాటని నేను తక్కువ చెయ్యడంలేదు. గట్లు తెంపడం తప్పని కూడా అనడంలేదు.

ఆ సెక్షన్ని తెలుగు చేసే పని నా మీద పడితే మాత్రం రెండుచోట్లా ఒకే మాట పెట్టను. ప్రభుత్వానికి నమ్మకం కలగాల్సిన చోట 'ఆవశ్యకం' అని రాస్తాను. జనం దగ్గరికి వచ్చేసరికి 'సొంత అవసరాలు' కొట్టేసి 'ఇంటి అక్కర' అని పెడతాను. కూర చేపకీ, దాన్నమ్మి కొనే బియ్యానికీ అందులో చోటుంటుంది. లారీకి ఉండదు.