పాకాల చెరువు

పాకాల చెరువు వరంగల్ జిల్లా ఖానాపూర్ మండలంలో, అడవి కమ్ముకున్న గుట్టల నడుమ ఉన్న కాకతీయుల కాలపు జలాశయం. ఇది వరంగల్ నగరానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, నర్సంపేటకు చేరువలో ఉంది. విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. నిండినప్పుడు నీటిమట్టం సుమారు 30 అడుగులు ఉంటుంది.

నిర్మాణం

ఓరుగల్లు రాజధానిగా 1199 నుంచి 1262 వరకు పాలించిన గణపతిదేవుని కాలంలో ఈ చెరువు ఏర్పడింది. ఆయన కొలువులోని జగదాళ ముమ్మడి దీన్ని కట్టించినట్లు శాసనాన్ని బట్టి తెలుస్తోంది. నిర్మాణ సంవత్సరం 1213 అని సాధారణంగా చెబుతారు. రామప్ప, లక్నవరం చెరువులు కూడా ఆ రాజు కాలానివే.

గుట్టల వరుసను చీల్చుకుని వాగు బయటపడే సందులో కట్ట పోశారు. మిగతా వైపుల గుట్టలే గట్లుగా నిలిచాయి. అందువల్ల తక్కువ కట్టతో ఎక్కువ నీరు నిలిచింది. చెరువుకు చోటు ఎంచుకోవడంలోని ఈ నేర్పును కడప జిల్లా పోరుమామిళ్లలో దొరికిన 1369 నాటి శాసనం సూత్రాలుగా చెప్పింది. వాగును ఆనుకున్న కొండ, మరీ పొడవు లేని గట్టి కట్ట మంచి చెరువు లక్షణాలనీ, కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మెరక దోషాలనీ అది పేర్కొంది.

నీటి పారుదల

చెరువు నీరు తూముల ద్వారా కాలువల్లోకి చేరి పొలాలకు పారుతుంది. చెరువు నిండితే మత్తడి పోస్తుంది. ఇక్కడ మొదలైన వాగే దిగువన మున్నేరై, ఖమ్మం పట్టణం పక్కగా సాగి కృష్ణా నదిలో కలుస్తుంది.

తరువాతి చరిత్ర

1323లో కాకతీయ రాజ్యం పతనమైనా చెరువు నిలిచింది. నిజాంల కాలంలో చుట్టూ ఉన్న అడవి వేటకు పేరు పొందింది. 1952లో ఆ అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఇటీవలి కాలంలో గోదావరి నీటిని రామప్ప చెరువు మీదుగా పాకాలకు చేర్చేందుకు కాలువ తవ్వారు.

పాకాల కింద ప్రధాన పంట వరి. వానాకాలం పంట తీశాక చెరువులో మిగిలిన నీటిని బట్టి యాసంగికి తైబందీ, అంటే ఎంత భూమికి నీరివ్వాలన్న నిర్ణయం, ఖరారు చేస్తారు.