బిడారు వర్తకుడి లోగిలిలో బస

చైనా నైరుతి మూలన ఉంది యున్నాన్ ప్రావిన్స్. అక్కడి దాలి ప్రాంతంలో పడమటి దిక్కున నాలుగు వేల మీటర్లు దాటిన త్సాంగ్‌షాన్ కొండలు, తూర్పున దాదాపు 250 చదరపు కిలోమీటర్ల ఎర్‌హాయ్ సరస్సు. రెండింటి నడుమ, పచ్చని పొలాల మధ్య షీజౌ అనే ఊరు. యాంగ్ పిన్‌షియాంగ్ అనే వర్తకుడు 1948లో ఇక్కడ కట్టించుకున్న మేడ నేడు 'లిండెన్ సెంటర్' అనే చిన్న హోటల్. మేడ మీదికెక్కితే పొలాలూ కొండలూ కనువిందు చేస్తాయి. అంతకంటే ఆసక్తికరం ఆ గోడల మధ్య దాగిన చరిత్ర.

గుర్రాలు తెచ్చిన సిరి

షీజౌలో ఎక్కువమంది బాయ్ జాతివారు. యున్నాన్ తేయాకును గుర్రాలు, కంచరగాడిదల మీద టిబెట్‌కు చేరవేసిన బిడారు బాటలు దాలి మీదుగానే సాగేవి. బర్మాకు వెళ్లే దారి కూడా ఇటే. ఆ వ్యాపారంలో షీజౌ వర్తకులు ఆరితేరారు. యెన్ కుటుంబం నడిపిన యోంగ్‌చాంగ్‌షియాంగ్ సంస్థ తేయాకు, పట్టు బేరాలతో బర్మా దాకా విస్తరించింది. నాలుగు పెద్ద కుటుంబాలు, ఎనిమిది మధ్యతరహావి, పన్నెండు చిన్నవి అంటూ ఊరివాళ్లు తమ షావుకార్లను లెక్కపెట్టి చెప్పుకునేవారు.

సంపాదించిన డబ్బులో చాలా భాగం ఇళ్లకే పోసేవారు. బాయ్ ఇల్లంటే మన మండువా లోగిలి లాంటిదే. నడుమ ఆరుబయలు, మూడు వైపులా గదులు, నాలుగో వైపు సున్నం కొట్టిన పొడవాటి తెల్ల గోడ. కొండగాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి ప్రధాన గృహం కొండకు వీపు పెట్టి తూర్పు ముఖంగా ఉంటుంది. అలా కడితే మధ్యాహ్నం తర్వాత ఎండ ఇంటి ముందువైపు పడదు. ఆ లోటు తీర్చేది ఎదుటి తెల్ల గోడే. కప్పు మీదుగా వచ్చిన ఎండ దానిమీద పడి, వెలుగు తిరిగి వసారాలోకి వస్తుంది. గోడ నడుమ రాసిన నాలుగు అక్షరాలను బట్టి అది ఏ ఇంటిపేరు వారి ఇల్లో చెప్పేయవచ్చు. యాంగ్ వంశస్థులైతే నిజాయితీయే తమ ఆస్తి అని రాయించుకుంటారు. రాత్రివేళ రహస్యంగా తెచ్చిన బంగారాన్ని తిప్పి పంపిన హాన్ రాజవంశ కాలపు అధికారి యాంగ్ జెన్ వారికి ఆదర్శం.

యుద్ధకాలపు విద్యాపీఠం

జపాన్ దండయాత్రతో వూహాన్ వదిలిన హ్వాజొంగ్ విశ్వవిద్యాలయం 1939లో షీజౌ చేరింది. ఊరి గుళ్లే తరగతి గదులయ్యాయి. 1946 దాకా ఇక్కడే పాఠాలు సాగాయి. ప్రసిద్ధ రచయిత లావ్ షె 1941లో వచ్చి, ఈ మారుమూల ఊరి వైభవానికి అబ్బురపడి రాశారు. ఇదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మానవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ షూ ఇక్కడి కుటుంబ జీవితాన్ని పరిశీలించి 1948లో ఒక గ్రంథం వెలువరించారు. యాంగ్ మేడ పూర్తయినదీ ఆ ఏడాదే.

మరుసటి సంవత్సరమే కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. షావుకార్ల ఇళ్లు చేతులు మారాయి. యాంగ్ మేడ ప్రభుత్వపరమై రకరకాల అవసరాలకు ఉపయోగపడింది. చెక్కిన తలుపులు, దూలాలు మాత్రం నిలిచాయి. 2001లో షీజౌలోని బాయ్ కట్టడాలకు జాతీయ స్థాయి రక్షణ లభించింది.

ఇల్లు ప్రభుత్వానిదే

అమెరికాకు చెందిన లిండెన్ దంపతులు ఈ మేడను బాగుచేయించి 2008లో హోటల్‌గా తెరిచారు. మేడ మాత్రం ప్రభుత్వ ఆస్తిగానే ఉంది. లోగిలి రూపు మారలేదు. పనివాళ్లలో ఎక్కువమంది ఊరివాళ్లే. అతిథులు సంతకు వెళ్తారు, పొరుగున ఉన్న జౌచెంగ్‌లో ముడులు వేసి నీలిమందుతో అద్దే బట్టలు చూస్తారు. పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చే 'బాబా' రొట్టెను వీధిలోనే వేడివేడిగా తింటారు. ఉప్పుదైతే ఉల్లికాడలు, తీపిదైతే గులాబీ రేకుల పాకం. చేదు, తీపి, ఆపై నాలుక మీద నిలిచే ఘాటు అంటూ వరుసగా మూడు రుచుల్లో తేనీరు అందించడం బాయ్ మర్యాద.

ఇదే దాలి ప్రాంతంలో మరో అనుభవమూ ఉంది. సరస్సు అందాన్ని అమ్ముకోవడానికి ఎర్‌హాయ్ గట్టున అతిథి గృహాలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. నీళ్లు కలుషితమయ్యాయి. 2017 ఏప్రిల్‌లో గట్టున ఉన్న రెండు వేలకు పైగా హోటళ్లను, భోజనశాలలను అధికారులు మూయించారు. అందాన్ని చూపించి బతికే వ్యాపారం ఆ అందాన్నే తినేస్తే ఏమవుతుందో ఆ చర్య తేల్చి చెప్పింది.

అలాగని పాత కట్టడానికి తాళం వేసి కాపలా పెట్టినంత మాత్రాన అది బతకదు. పొయ్యి వెలగాలి, మనుషులు తిరగాలి, ఊరికి నాలుగు డబ్బులు దక్కాలి. షీజౌ ఆ పని చేసి చూపింది. యున్నాన్ వెళ్లే తెలుగు యాత్రికులు దాలి కోట గుమ్మం దగ్గర ఫొటో దిగి వెనుదిరగకుండా, ఇలాంటి లోగిలిలో రెండు రాత్రులైనా ఉండాలి. గది తీసుకునే ముందు మూడు మాటలు అడగాలి: ఈ ఇల్లు ఎవరిది, ఇక్కడ పనిచేసేది ఎవరు, మురుగు నీరు ఎటు పోతోంది? మంచి బసను గుర్తుపట్టడానికి ఆ మూడు జవాబులు చాలు.