ఒంటి మీద చిరుత మచ్చలు.. చేసేవన్నీ పిల్లి చేష్టలు! బెంగాల్ క్యాట్ కథేంటి? పొలంలో దొరికే కూనలు ఇవేనా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే చిరుత మచ్చల పిల్లి ఒకటి సోఫా మీంచి బీరువా మీదకు ఎగురుతూ కనిపిస్తుంది. అదే బెంగాల్ క్యాట్. అది చూశాక, వరికోతల్లో దొరికిన చారల కూన కూడా ఇలాంటిదేలే, ఇంటికి తెచ్చుకుని పాలు పట్టి పెంచుదాం అనిపించొచ్చు. కానీ ఈ రెండూ ఒకటి కాదు.

పేరు విని బెంగాల్ టైగర్‌తో ముడిపెట్టకండి. ఆసియా అడవుల్లో ఉండే చిరుత పిల్లి శాస్త్రీయ నామం ప్రియోనైలూరస్ బెంగాలెన్సిస్. పేరు అందులోంచే వచ్చింది. చిరుత పిల్లి అంటే చిరుతపులి పిల్ల కాదండోయ్, ఇంటి పిల్లంత సైజులో ఉండే వేరే జాతి.

అమెరికాలో జీన్ మిల్ అనే మహిళ 1963లో ఆడ చిరుత పిల్లికి, నల్ల ఇంటి పిల్లికి పుట్టిన కూనను పెంచారు. తర్వాత కొన్నేళ్లు ఆ పని ఆగిపోయింది. అదే సమయంలో కాలిఫోర్నియాలో డాక్టర్ విల్లార్డ్ సెంటర్‌వాల్ పిల్లుల్లో వచ్చే ల్యుకేమియాపై పరిశోధన కోసం ఇలాంటి హైబ్రిడ్లను పుట్టించారు. 1980 ప్రాంతంలో వాటిలో కొన్ని జీన్ మిల్ చేతికొచ్చాయి. ఇక్కడే మన దేశం ఎంట్రీ! 1982లో ఆమె ఢిల్లీ జూకి వచ్చినప్పుడు ఖడ్గమృగం ఎన్‌క్లోజర్‌లో తిరుగుతున్న ఓ వీధి పిల్లి కంటపడింది. నారింజ రంగు ఒళ్లు, ముదురు మచ్చలు. దాన్ని అమెరికా తీసుకెళ్లి ‘టోరీ ఆఫ్ ఢిల్లీ’ అని పేరు పెట్టారు. బెంగాల్ పిల్లుల బొచ్చులో కనిపించే బంగారు మెరుపు దీని నుంచే వచ్చిందంటారు. అంటే లక్షల్లో ధర పలికే జాతికి మూలపురుషుల్లో ఒకటి మన గల్లీ పిల్లే! అంతర్జాతీయ పిల్లుల సంఘం ‘టికా’ 1986లో దీన్ని కొత్త జాతిగా నమోదు చేసింది.

మరి స్వభావం? అది తరాన్ని బట్టి ఉంటుంది. నేరుగా చిరుత పిల్లికి పుట్టినదాన్ని ఎఫ్1 అంటారు. ఇది మనిషిని చూస్తే బెదురుతుంది, ఇల్లంతా మూత్రం చిమ్ముతుంది. ఎఫ్1 మగవాటికి సంతానం కలగదు. ఇంటి పిల్లులతో జతకట్టిస్తూ నాలుగైదు తరాలు దాటాకే మచ్చికైన పిల్లి తయారవుతుంది. అదైనా మూల కూర్చునే రకం కాదు. నీళ్లతో ఆడుతుంది, తలుపు గడియ తీయడం నేర్చుకుంటుంది, పట్టించుకోకపోతే గట్టిగా అరుస్తుంది. పొద్దున ఆఫీసుకెళ్లి రాత్రి ఇంటికొచ్చేవాళ్లకు ఇది సరిపడదు, సూటిగా చెప్పాలంటే కొనొద్దు. కొనేవాళ్లు ఎన్నో తరమో కాగితం అడగాల్సిందే. గత నాలుగు తరాల్లో అడవి పూర్వీకులుంటే అంతర్జాతీయ ఒప్పందం ‘సైటిస్’ ఆ హైబ్రిడ్‌ను అడవి జంతువుగానే లెక్కేస్తుంది.

ఇక మన పొలాల సంగతి. సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లలో, కాలువ గట్ల జమ్ములో ఉండేందుకు ఇష్టపడేది జంగుపిల్లి. పొడుగు కాళ్లు, కురచ తోక, చెవి కొసన నల్ల వెంట్రుకలు. పెద్దదానికి మచ్చలుండవు, కూనలకు మాత్రం చారలుంటాయి. అందుకే చిరుత పిల్లలంటూ వాట్సాప్‌లో కలకలం రేగుతుంది. దీని ప్రధాన తిండి ఎలుకలు, రైతుకు మేలు చేసే జంతువు. దీన్ని ఇంటి పిల్లితో కలిపి విదేశాల్లో ‘చౌసీ’ అనే జాతిని తయారు చేశారు. అయితే పొలంలో దొరికిన కూన చౌసీ కాదు, అసలు సిసలు అడవి జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం.

కోత మిషన్ ముందు కూనలు కనిపిస్తే ఆ చెక్క కాసేపు వదిలేయండి. తల్లి చాలాసార్లు చీకటి పడ్డాక వచ్చి నోట కరుచుకుని తీసుకెళ్తుంది. తెల్లారినా అక్కడే ఉంటే ఫారెస్ట్ సిబ్బందికి చెప్పండి. ఫొటోల కోసం చేతుల్లోకి తీసుకోవద్దు. కరిచినా, రక్కినా వెంటనే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి.