గోదారి ముంచిన ఇల్లు ఎవరిది?

భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చింది, 2022 జూలైలో 71.3. వరదొచ్చినప్పుడల్లా టీవీలు ఈ అంకెలే చెబుతాయి. నీళ్ళు తీశాక వచ్చే ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యరు. మునిగిన ఇల్లు చట్టం దృష్టిలో ఎవరిది?

అందులో ఉంటున్నవాడిదే కదా అంటారా? ఇన్సూరెన్స్ లెక్క వేరు. ఆ ఆస్తి పోతే నీకు చట్టం గుర్తించే నష్టం ఉండాలి. దీన్నే ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ అంటారు. ఐర్లాండులో మకౌరా అనే ఆయన తన ఎస్టేట్ కలపని సొంత కంపెనీకే అమ్మేసి, ఇన్సూరెన్సు మాత్రం తన పేరు మీద చేయించాడు. 1922లో కలప కాలిపోయింది. కంపెనీలో వాటాలన్నీ ఆయనవే, అయినా కలప ఆయనది కాదు పొమ్మంది 1925లో హౌస్ ఆఫ్ లార్డ్స్. పైసా రాలేదు.

ఇప్పుడు మన భద్రాచలానికొద్దాం. 1860లో నిజాం ఈ ఒడ్డుని బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేశాడు. వడ్డీ వ్యాపారులు కొండ జనం భూములు లాక్కోకుండా మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చింది. ఆ తర్వాత 1959 రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణ వైపుకీ వర్తించింది. అసలు దెబ్బ 1970 నాటి 1వ రెగ్యులేషన్. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మడమే కాదు, ఇద్దరు గిరిజనేతరుల మధ్య అమ్మకం కూడా చెల్లదంది. పైగా గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాడే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

ఖమ్మం టౌన్లో రిజిస్టరు కాగితానికి ఉన్న బలం, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న భద్రాచలంలో సాదాబైనామాకి లేనిది అందుకే. ఆ స్థలంలో మూడంతస్తులు కట్టి పాలసీ తీసుకున్నారనుకోండి. ప్రీమియం కట్టేటప్పుడు కాగితాలు అడిగేవాళ్ళు తక్కువ, క్లెయిమ్ అప్పుడు అడిగేవాళ్ళు ఎక్కువ. పట్టా లేకపోతే క్లెయిమే ఉండదని చట్టం గుడ్డిగా అనదు లెండి. అద్దెకున్నవాడికీ, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకీ కూడా ఇంటరెస్ట్ ఉంటుంది. కానీ చెల్లని అమ్మకం మీద నిలబడి వాదించడమంటే, గోదారిలో ఎదురీతే.

"అయితే ఈ చట్టం ఎత్తెయ్యాలి" అనేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. చట్టం దాచిపెట్టింది కాదు, ఇంతకాలంగా అందరికీ తెలిసిందే. తెలిసీ అమ్మినవాడు, తెలిసీ కొన్నవాడు నష్టాన్ని కోయవాడి హక్కు మీదకి నెట్టడం న్యాయమా?

ఇంకో వైపు కూడా చూడాలి. అడవి అంచున కోయవాడి గుడిసె కూడా మునుగుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చే పట్టా పిల్లలకి వస్తుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. మనలో చాలామందికి ఇంటి ఇన్సూరెన్సు వచ్చింది హోమ్ లోన్ వెనకాలే. లోనే రానిచోటికి పాలసీ ఎవరు తీసుకెళ్తారు? 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద కూడా కవరవుతుంది. చిన్న ఇంటికీ తీసుకోవచ్చు. తీసుకోమని చెప్పేవాడు ఆ గూడేనికి వెళ్ళాలి కదా!

మన ఐటీ జనాలకి ఒక్క మాట. ఆ పాలసీ లెక్కగట్టేది కట్టడం ఖర్చు మాత్రమే, స్థలం ఖరీదు కాదు. "ఏజెన్సీలో చవగ్గా సైటుంది, ముందు కొనేద్దాం" అని ఎవరైనా అంటే, ఆ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉందంటే, ఆ చవక దేనివల్ల వచ్చిందో అర్థమైపోతుంది.