ఎలక్ట్రానిక్ పత్ర నిర్వహణ, ప్రవేశ నియంత్రణ: భావనల చరిత్ర

కంప్యూటర్‌లో పుట్టిన పత్రాలనూ, స్కాన్ చేసి అందులోకి చేర్చిన పత్రాలనూ భద్రపరచడం, కావలసినప్పుడు వెతికి తీయడం, సవరణలను గుర్తుపెట్టడం, గడువు తీరాక తొలగించడం ఎలక్ట్రానిక్ పత్ర నిర్వహణ కిందికి వస్తాయి. ఆ పత్రాన్ని ఎవరు చూడవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఎవరు తీసివేయవచ్చు అన్నది తేల్చేది ప్రవేశ నియంత్రణ. నేటి సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి కనుక రెండూ ఒకేచోట పుట్టినవని అనిపిస్తుంది. నిజానికి మొదటిదాని మూలాలు రికార్డు రూముల్లో ఉన్నాయి, రెండోదాని మూలాలు విశ్వవిద్యాలయాల కంప్యూటర్లలో ఉన్నాయి. లోపలికి ఎవరిని రానివ్వాలన్న ప్రశ్న చుట్టూ కంప్యూటర్ శాస్త్రం చాలాకాలం తిరిగింది. వచ్చినవాడు ఏ హోదాలో వచ్చాడు, ఏం చేశాడు, ఆ జాడ మిగిలిందా అన్న ప్రశ్నలను కాగితపు కార్యాలయం అంతకు ముందే అడిగింది. ఈ రంగంలోని ముఖ్య భావనలను వరుసగా చూస్తే, కంప్యూటర్లు మూడు దశాబ్దాలు నడిచి కార్యాలయానికి తెలిసిన చోటికే చేరాయని చెప్పవచ్చు.

కాగితపు వ్యవస్థ ఎంత పకడ్బందీగా ఆలోచించిందో తెలియడానికి 1908 నాటి భారత రిజిస్ట్రేషన్ చట్టం చాలు. రిజిస్ట్రారు పుస్తకాల పేజీలకు ముందే వరుస సంఖ్యలు అచ్చువేసి ఉండాలనీ, ఒక్కో పుస్తకంలో ఎన్ని పేజీలున్నాయో మొదటి పేజీలో అధికారి ధ్రువీకరించాలనీ 16వ సెక్షన్ చెబుతుంది. పేజీ చింపితే సంఖ్య తప్పి దొరికిపోతుంది. దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీలు ఉంటే రాసిచ్చినవారు వాటి పక్కన సంతకం చేయాలి, లేకపోతే అధికారి దాన్ని తిరస్కరించవచ్చు. ఎవరు చూడవచ్చన్న విషయంలో 57వ సెక్షన్ ఇంకా సూక్ష్మంగా వెళ్తుంది. స్థిరాస్తి వివరాలుండే 1వ పుస్తకాన్ని రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు. వీలునామాలుండే 3వ పుస్తకంలోని నకలు రాసినవారికో వారి ఏజెంట్లకో మాత్రమే ఇస్తారు, రాసినవారు పోయాక అడిగిన ఎవరికైనా ఇస్తారు. ఇతర దస్తావేజుల 4వ పుస్తకం నకళ్లు ఆ పత్రంతో సంబంధమున్నవారికే దక్కుతాయి. 3, 4 పుస్తకాలను వెతికే పని రిజిస్టరింగ్ అధికారే చేయాలి. పత్రం రకాన్ని బట్టి, అడిగేవారికి దానితో ఉన్న సంబంధాన్ని బట్టి, జరిగిన సంఘటనను బట్టి హక్కు మారడమంటే ఇదే. కంప్యూటర్ శాస్త్రం దీనికి ఒక పేరు పెట్టేసరికి ఇరవై ఒకటో శతాబ్దం వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా కార్యాలయాల్లో స్థిరపడి ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా వచ్చిన టాటెన్‌హామ్ పద్ధతి మరో రెండు భావనలను ఇచ్చింది. ఒకటి నిల్వ గడువు. పని ముగిసిన ఫైలుకు ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. వంటి గుర్తు వేసేవారు. శాశ్వతంగా ఉంచవలసినదేదో, కొన్నేళ్లకు చించివేయదగినదేదో ఆ గుర్తు చూడగానే తెలిసేది. రెండోది సీటు. కలెక్టరేటు ఉత్తరం మీద ఏ1, బి2 అని కనిపించేది గుమాస్తా పేరు కాదు, అతని సీటు. బదిలీ అయితే చార్జి అప్పగింత జాబితా రాసి సంతకాలు చేసుకుంటారు. ఆ క్షణం నుంచి పాత మనిషికి ఆ ఫైళ్ల మీద హక్కు ఉండదు, కొత్త మనిషికి వస్తుంది. హక్కు మనిషికి అంటుకోకుండా కుర్చీకి అంటుకుంటుందన్న ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది.

కంప్యూటర్‌లో ప్రవేశ నియంత్రణ రహస్యాల కోసం పుట్టలేదు. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవలసి వచ్చి పుట్టింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ప్రదర్శించిన సీటీఎస్ఎస్ అనే కాలవిభజన వ్యవస్థలో ఎవరి ఫైళ్లు వారికుండేవి, ఎవరికి కేటాయించిన సమయం వారికుండేది. ఆ లెక్క నడవాలంటే వచ్చినది ఎవరో తెలియాలి. యూజర్ ఖాతా, లాగిన్, పాస్‌వర్డ్ అక్కడి నుంచే వాడుకలోకి వచ్చాయి. పాస్‌వర్డ్ బలహీనత కూడా దాదాపు అప్పుడే బయటపడింది. ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి ఇచ్చిన 4 గంటల సమయం చాలలేదు. 1962లో అతను పాస్‌వర్డ్‌ల ఫైలును ముద్రించమని యంత్రానికే పంచ్ కార్డు పెట్టి, అందరి పాస్‌వర్డ్‌లూ సంపాదించాడు. 1966లో ఎడిటర్ ప్రోగ్రామ్ లోపం వల్ల రోజువారీ సందేశమూ పాస్‌వర్డ్‌ల జాబితా ఫైలూ తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ మొత్తం జాబితా టెర్మినల్ మీద అచ్చయి వచ్చింది. కోర్బాటోయే 1991లో తన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో దీన్ని చెప్పుకున్నాడు. ఆ తరువాత పాస్‌వర్డ్‌ను నేరుగా నిల్వచేయకుండా, వెనక్కి తిప్పలేని గణిత రూపంలో దాచే పద్ధతి వచ్చింది. ప్రతి పాస్‌వర్డ్‌కూ కొంత యాదృచ్ఛిక సంఖ్య కలిపే ఉపాయాన్ని 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ వివరించారు. ఇవన్నీ తాళాన్ని గట్టిపరిచాయి. తాళం తీసినవాడు లోపల ఏం చేశాడన్నది వీటికి పట్టలేదు.

పత్రానికీ మనిషికీ మధ్య హక్కును ఎలా రాసిపెట్టాలన్న ప్రశ్నకు మల్టిక్స్ వ్యవస్థ జవాబిచ్చింది. ఫోల్డర్‌లో ఫోల్డర్ ఇమిడే ఫైళ్ల చెట్టును, ప్రతి ఫైలుకూ హక్కుదారుల జాబితాను 1965లో రాబర్ట్ డేలీ, పీటర్ న్యూమన్ రాసిన వ్యాసంలో చూడవచ్చు. యాక్సెస్ కంట్రోల్ లిస్ట్ అని నేడు అంటున్నది ఆ జాబితానే. దాని తరువాత వచ్చిన యునిక్స్ ఈ భారాన్ని తగ్గించి యజమాని, గ్రూపు, మిగతావారు అనే మూడు వర్గాలకు చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులతో సరిపెట్టింది. మొత్తం 9 బిట్లు. ఇంత పొదుపైన ఏర్పాటు అర శతాబ్దం దాటి నేటికీ పనిచేస్తోందంటే మెచ్చుకోవలసిందే. 1971లో బట్లర్ లాంప్సన్ ఒకవైపు మనుషులు, మరోవైపు వస్తువులు, మధ్య గడుల్లో హక్కులు ఉండే పట్టికగా దీన్నంతా సూత్రీకరించాడు. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ రాసిన వ్యాసం పనికి అవసరమైనంత హక్కే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదన్న సూత్రాన్ని స్థిరపరిచింది. ఈ నిర్మాణాలన్నింటిలో ఒక ఊహ దాగి ఉంది. ఫైలును సృష్టించినవాడే దాని యజమాని, తనకు నచ్చినవారికి అతను అనుమతి ఇవ్వవచ్చు అన్నదే ఆ ఊహ. పరిశోధనశాలలో అది చెల్లుతుంది. తహసీల్దారు కార్యాలయంలో ఫైలు రాసిన గుమాస్తా దానికి యజమాని కాడు.

ఈ ఊహకు మొదటి సవాలు సైన్యం నుంచి వచ్చింది. అమెరికా వైమానిక దళం కోసం మైటర్ సంస్థలో డేవిడ్ బెల్, లెనార్డ్ లాపడులా 1973 నుంచి రూపొందించిన నమూనాలో పత్రానికీ మనిషికీ రహస్య స్థాయిలుంటాయి. కింది స్థాయివాడు పై స్థాయి పత్రాన్ని చదవలేడు. పై స్థాయివాడు కింది స్థాయి పత్రంలో రాయలేడు, ఎందుకంటే రహస్యం అలా కిందికి జారిపోవచ్చు. 1983లో అమెరికా రక్షణశాఖ వెలువరించిన ప్రమాణం యజమాని ఇష్టాన్ని బట్టి నడిచే నియంత్రణ ఒకటి, వ్యవస్థే విధించే నియంత్రణ మరొకటి అని విభజించింది. అట్ట రంగును బట్టి దాన్ని ఆరెంజ్ బుక్ అంటారు. ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు: కంప్యూటర్ భద్రతకు డబ్బూ, ఒత్తిడీ, కఠినత్వమూ సైన్యం నుంచే వచ్చాయి కదా, కార్యాలయానికి పెద్దపీట వేయడం ఎందుకు? డబ్బు సంగతి నిజమే. కానీ ఆ కఠిన నమూనా బ్యాంకుకో రెవెన్యూ శాఖకో పనికిరాలేదు. 1987లో డేవిడ్ క్లార్క్, డేవిడ్ విల్సన్ ఈ సంగతిని సూటిగా రాశారు. వ్యాపారంలో భయం రహస్యం పొక్కుతుందని మాత్రమే కాదు, లెక్క తారుమారవుతుందని కూడా. దానికి మందు అకౌంటెంట్లకు ఎప్పటి నుంచో తెలుసు: అంకెను ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు, నిర్ణీత పద్ధతిలోనే మార్చాలి, బిల్లు రాసేవాడూ మంజూరు చేసేవాడూ ఒక్కడే కాకూడదు, ప్రతి మార్పుకూ ఆధారం మిగలాలి. ప్రవేశ నియంత్రణ చరిత్రలో మలుపు ఏదంటే నేను ఈ వ్యాసాన్నే చూపిస్తాను.

తరువాతి అడుగు 1992లో డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్ వేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేస్తూ వారు చెప్పినది క్లుప్తంగా ఇది: ఉద్యోగి తాను వాడే సమాచారానికి యజమాని కాడు, సంస్థే యజమాని, కాబట్టి హక్కును పేరుకు కాకుండా పాత్రకు కట్టాలి. నర్సుకు ఒక హక్కుల కట్ట, వైద్యుడికి మరో కట్ట. మనిషి ఆ పాత్రలోకి వస్తే హక్కులొస్తాయి, తప్పుకుంటే పోతాయి. పాత్ర ఆధారిత నియంత్రణ అనే ఈ పద్ధతి 2004లో అమెరికా జాతీయ ప్రమాణమైంది. ఏ1 సీటు, చార్జి అప్పగింత మాటలు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది తక్కువ. ఆచరణలో పాత్రలు పెరిగిపోయే చిక్కు వచ్చింది. పెద్ద సంస్థల్లో ప్రతి మినహాయింపుకూ కొత్త పాత్ర పుట్టి, చివరికి ఏ పాత్రకు ఏ హక్కుందో నిర్వాహకుడికే తెలియని స్థితి ఏర్పడింది. అందుకే విభాగం, సమయం, స్థలం, పత్రం రకం వంటి లక్షణాలను బట్టి అప్పటికప్పుడు నిర్ణయించే పద్ధతి వచ్చింది. నిస్ట్ దాని మీద 2014లో మార్గదర్శిని వెలువరించింది. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చేస్తున్న పని ఇలాంటిదే.

పత్రాల వైపు కథ నెమ్మదిగా సాగింది. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ ప్రోగ్రాముల పాత, కొత్త రూపాలన్నిటినీ వరుసగా నిలిపే సాధనం తయారుచేశాడు. వెర్షన్ భావన అక్కడ గట్టిపడింది. 1982లో వాల్టర్ టిచీ చేసిన మరో సాధనంలో ఒకరు దిద్దడానికి తీసుకుంటే మరొకరు దిద్దకుండా తాళం పడుతుంది, తిరిగి ఇచ్చాక కొత్త వెర్షన్ నమోదవుతుంది. చెక్ అవుట్, చెక్ ఇన్ అన్నవి ఇవే. పత్రం గురించిన సమాచారాన్ని ఒకే తీరులో రాయడానికి 1995లో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో మొదలైన ప్రయత్నం డబ్లిన్ కోర్ అనే మెటాడేటా ప్రమాణమైంది. 2001లో వెలువడిన ఐఎస్ఓ 15489 ప్రమాణం రికార్డుకు ప్రామాణికత, విశ్వసనీయత, సమగ్రత, వినియోగయోగ్యత అనే నాలుగు లక్షణాలు ఉండాలంది. మామూలు పత్రం దిద్దడానికి ఉంది, రికార్డు దిద్దకుండా ఉంచడానికి ఉంది. ఆర్కైవుల నుంచి వచ్చిన ఈ తేడా సాఫ్ట్‌వేర్ తయారీదారులకు ఆలస్యంగా ఎక్కింది.

రెండు పాయలను కలిపినది చట్టమే, సాంకేతిక ఉత్సాహం కాదు. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కంప్యూటరే తేదీ, సమయంతో నమోదు చేయాలి, కొత్త అంకె పాత అంకెను కప్పేయకూడదు. ఆడిట్ ట్రయల్ అంటే ఇదే. ఆ దేశానికి మందులు పంపే హైదరాబాద్ పరిసరాల పరిశ్రమలకు ఇది దూరపు చట్టం కాదు, రోజువారీ పని. ల్యాబ్‌లో అందరూ ఒకే లాగిన్ వాడితే ట్రయల్ ఎంత పొడవున్నా ఏ సవరణ ఎవరిదో తేలదు. అందుకే తనిఖీ అధికారులు ఉమ్మడి పాస్‌వర్డ్‌ను తీవ్ర లోపంగా రాస్తారు. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టబద్ధత ఇచ్చింది. అనుమతి లేని ప్రవేశానికి నష్టపరిహారం విధించడంతోపాటు, నిల్వ చేసిన రికార్డు ఎక్కడ పుట్టిందో, ఎక్కడికి వెళ్లిందో, తేదీ సమయాలేమిటో తెలియాలని కోరింది. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ పుస్తకాల పని 1998లోనే కార్డ్ పథకంతో కంప్యూటర్లకు మారింది. నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ రూపొందించిన ఇ-ఆఫీస్‌లో పసుపుపచ్చ నోటు చిత్తుప్రతి, దాన్ని దిద్దవచ్చు. ఖరారై ఆకుపచ్చ నోటుగా మారితే దిద్దడానికి లేదు. పత్రానికీ రికార్డుకూ మధ్య గీతను ఇంత సులువుగా చూపిన ఏర్పాటు అరుదు.

ఈ వాదనకు రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. కాగితపు కార్యాలయాన్ని మరీ ఎత్తుతున్నామా అన్నది మొదటిది. ఫైళ్లు గల్లంతవడం, వెనక తేదీలు వేయడం, రికార్డు కీపరు చేయి తడపనిదే నకలు కదలకపోవడం అందరికీ తెలిసిన సంగతులే. అయితే ఆ కార్యాలయం నియమాలను అమలు చేయడంలో ఓడింది, వాటిని ఊహించడంలో కాదు. కంప్యూటర్ బలం అమలులోనే ఉంది, ముందు ఆ నియమాలు దానికి చెప్పాలి. ఎన్‌క్రిప్షన్, డిజిటల్ సంతకం వచ్చాక జాడల నమోదు ఎందుకన్నది రెండోది. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ వేసిన పునాది మీద వచ్చిన డిజిటల్ సంతకం పత్రం మారిందో లేదో నిక్కచ్చిగా చెబుతుంది. బయటివాడి నుంచి రక్షించడంలో ఎన్‌క్రిప్షన్‌కు సాటి లేదు. కానీ తాళంచెవి ఉన్న లోపలివాడిని అది ఆపదు. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా జాతీయ భద్రతా సంస్థ పత్రాలను బయటికి తెచ్చినప్పుడు అతను కాంట్రాక్టు మీద పనిచేసిన సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. అతని చర్య సమర్థనీయమా కాదా అన్నది వేరే చర్చ. ఆ తరువాత ఆ సంస్థ ఎంచుకున్న మందు మాత్రం గమనించదగ్గది: నిర్వాహకులు కొన్ని పనులు ఇద్దరు కలిస్తేనే చేయగలిగేలా నిబంధన. ఖజానాకు రెండు తాళాలు వేసే పద్ధతి అంత పాతది అది.

ఆ ఆడిట్ ట్రయల్‌ను సైతం నిర్వాహకుడు చెరిపేస్తే ఎలా అన్న ప్రశ్న మిగిలింది. భారత కంపెనీల లెక్కల నిబంధనలు దీనికి సూటిగా జవాబిస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి లావాదేవీకీ ఆడిట్ ట్రయల్ రాయాలి, ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేయాలి, ఆ సదుపాయాన్ని ఆపివేసే వీలు ఉండకూడదు. పత్ర నిర్వహణ సాఫ్ట్‌వేర్ కొనే కార్యాలయం ఏదైనా పాస్‌వర్డ్‌లో ఎన్ని అక్షరాలుండాలని అడిగే ముందు ఈ మూడు షరతులనూ అది నెరవేరుస్తుందో లేదో అడగాలి. ఆ ట్రయల్‌ను ఆపగల అధికారం ఎవరి చేతిలోనైనా ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి పంపడం మంచిది.