మధ్యధరా సముద్రమున విహార నౌకలు – ఒక చారిత్రక పరిశీలన

ఐరోపా, ఆసియా, ఆఫ్రికా ఖండముల నడుమ ఇమిడియున్న మధ్యధరా సముద్రము బైబిలు చదువరులకు క్రొత్తది కాదు. పాత నిబంధనలో మహాసముద్రమని పిలువబడినది ఇదియే. దీని వైశాల్యము సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమట జిబ్రాల్టరు జలసంధి వద్ద ఇది అట్లాంటిక్ మహాసముద్రముతో కలియుచున్నది. ఆ ద్వారము మిక్కిలి ఇరుకైన చోట దాని వెడల్పు 14 కిలోమీటర్లు మాత్రమే. 1869 నవంబరు 17న సూయజ్ కాలువ తెరువబడిన పిమ్మట ఐరోపా నుండి మన దేశమునకు వచ్చు ప్రయాణికుల ఓడలు, వానితో పాటు మిషనరీలును, ఈ సముద్రము మీదుగానే వచ్చుట వాడుకయైనది. కనుక దీని చరిత్ర మనకు బొత్తిగా పరాయిది కాదు.

నేడు ఈ సముద్రము పేరు చెప్పగానే లోకమునకు జ్ఞాపకము వచ్చునది ధనవంతుల విహారము. మొనాకో, పోర్టోఫినో, కాప్రి, కోర్ఫూ, శాంటోరిని మొదలగు రేవులలో వేసవి నెలలందు తెల్లని విహార నౌకలు బారులు తీరి నిలిచియుండును. వీనిని యాట్‌లందురు. సొంత నౌక లేనివారు వారమునకింత అని కిరాయి చెల్లించి నావికులతోను, వంటవారితోను సహా ఓడను తీసికొందురు. ఇంధనమునకు, భోజనమునకు, రేవు సుంకములకు కిరాయిలో సుమారు మూడవ వంతు వేరుగా ముందే కట్టవలెను. వేసవిలో ఇక్కడ తిరుగు నౌకలలో అనేకము శీతాకాలములో అట్లాంటిక్ దాటి కరీబియన్ ద్వీపములకు పోవును.

ఈ విహారము ఎట్లు పుట్టినది? ఎవరు దీనిని అనుభవించిరి? అదే నీటిపై ప్రాణములు అరచేత పట్టుకొని పోవువారికిని, విహారమునకు పోవువారికిని ఉన్న సంబంధమేమి? ఈ మూడు ప్రశ్నలను పాఠకుల యెదుట ఉంచుట మా ఉద్దేశము.

ప్రాచీన కాలపు విలాసము

ఓడపై విలాసము నేటి మాట కాదు. క్రీ.పూ. 41వ సంవత్సరమున ఐగుప్తు రాణి క్లియోపాత్రా, రోమా సేనాని ఆంటోనీని కలిసికొనుటకు కిద్నస్ నది మీదుగా తార్సు పట్టణమునకు వచ్చెను. ఆమె ఓడ వెనుక భాగమునకు బంగారు పూత, తెరచాపలకు ఊదా రంగు, తెడ్లకు వెండి తొడుగు ఉండెనని ప్లూటార్కు వ్రాసెను. ఆ తార్సు పట్టణమే తరువాత అపొస్తలుడైన పౌలునకు జన్మస్థలమాయెను.

క్రీ.శ. 37 నుండి 41 వరకు రోమును ఏలిన కాలిగులా చక్రవర్తి మరియొక మెట్టు పైకెక్కెను. అతడు కట్టించిన ఓడలలో స్నానశాలలు, మండపములు, భోజనశాలలు, ద్రాక్షతీగెలు, పండ్లచెట్లు సైతము ఉండెననియు, ఓడల వెనుక భాగమున రత్నములు పొదిగింపబడెననియు, పగటివేళనే విందులారగించుచు పాటకచేరీల నడుమ కంపానియా తీరము వెంబడి అతడు విహరించెననియు స్యుటోనియసు అను చరిత్రకారుడు తెలిపెను. నేటి విలాస నౌకల వర్ణనకును దీనికిని భేదము స్వల్పము.

ఆ కాలిగులా చనిపోయిన సుమారు ఇరువది యేండ్లకు అదే కంపానియా తీరమున పొతియొలీ రేవులో ఒక ఖైదీ దిగెను. అతడే పౌలు. ఆ కాలమున నవంబరు మొదలు మార్చి వరకు సముద్రము మూసివేయబడినట్లే లెక్క. నావికులు ఓడలను రేవులలో కట్టివేసెడివారు. పౌలు ఎక్కిన గోధుమల ఓడ కాలము మించిన తరువాత బయలుదేరి, క్రేతు దాటుచుండగా ఊరకులోను అను పెనుగాలికి చిక్కి, మెలితే ద్వీపము వద్ద బద్దలాయెను. ఓడలో 276 మంది యుండిరి. వారిలో ఒక్కరును నశింపలేదు. ఆ ద్వీపవాసులు వారికి నిప్పు రాజబెట్టి ఆదరించిరి. పొప్లి అను ముఖ్యుడు వారిని మూడు దినములు తన యింట ఉంచుకొనెను. వారు మూడు నెలలు అక్కడనే గడపిరి. ఆ మెలితేయే నేటి మాల్టా. యాట్‌లు ఆగు ముఖ్యమైన రేవులలో అది యొకటి.

టిక్కెట్టు కొని చేసిన యాత్రలు

యాట్ అను మాట డచ్చి భాష నుండి వచ్చినది. వేట అని దాని మూలార్థము. వేగముగా పరుగెత్తు చిన్న ఓడలకు హాలెండు వారు ఆ పేరు పెట్టిరి. 1660లో ఆమ్‌స్టర్‌డామ్ నగరము ఇంగ్లాండు రాజు రెండవ చార్లెసునకు మేరీ అను అట్టి ఓడను కానుకగా ఇచ్చెను. అది మొదలు విహార నౌక రాజుల ముచ్చటయైనది.

ఆవిరి యంత్రము వచ్చిన పిమ్మట ఈ ముచ్చట మధ్యతరగతి సంపన్నులకును అందినది. 1844లో పీ అండ్ ఓ కంపెనీ మధ్యధరా సముద్ర యాత్రలను ప్రచారము చేయనెంచి, కలకత్తాలో జన్మించిన ఆంగ్ల రచయిత థాకరేకు ఉచితముగా ప్రయాణమిచ్చెను. ఆయన జిబ్రాల్టరు, మాల్టా, ఏథెన్సు, స్ముర్న, కాన్‌స్టాంటినోపిల్, యెరూషలేము, కైరోలు చూచి, 1846లో ఆ యాత్రను గ్రంథముగా ప్రకటించెను.

అంతకంటె ముఖ్యమైనది 1867 నాటి అమెరికా యాత్ర. న్యూయార్కు చేరువనున్న బ్రూక్లిన్‌లోని ప్లిమత్ సంఘపు వారు దీనిని తలపెట్టిరి. అంతర్యుద్ధములో పనిచేసిన క్వేకర్ సిటీ అను పొగయోడను కుదుర్చుకొని, మనిషికి 1,250 డాలర్ల చొప్పున వసూలుచేసి, అరువది మందికి పైగా ప్రయాణికులతో జూన్ 8న బయలుదేరిరి. ఒక వార్తాపత్రిక పంపగా మార్క్ ట్వైన్ కూడ అందులో వెళ్లెను. ఏథెన్సు రేవులో క్వారంటైన్ విధించి దిగనీయనప్పుడు, ఆయన మరి ముగ్గురితో కలసి రాత్రివేళ దొంగచాటుగా ఒడ్డునకు పోయి అక్రోపోలిసును చూచి వచ్చెను. నవంబరు 19న ఓడ తిరిగి న్యూయార్కు చేరెను. 1869లో వెలువడిన ఆయన యాత్రా గ్రంథము విశేషముగా అమ్ముడుపోయినది. తోటి యాత్రికులు పవిత్ర స్థలములలోని రాళ్లను జ్ఞాపకార్థముగా పగులగొట్టుకొని తెచ్చుకొనుటను ఆయన అందులో ఎగతాళి చేసెను. భక్తితో బయలుదేరినంత మాత్రాన యాత్రికుడు మర్యాదస్థుడు కాడని దీనివలన మనము నేర్చుకొనవలెను.

తరువాతి అడుగు జర్మనీ వారిది. హాంబర్గు–అమెరికా ఓడల కంపెనీ నిర్వాహకుడు ఆల్బర్ట్ బాలిన్, వలసపోవు బీదలకు టిక్కెట్లు అమ్ము తన తండ్రి ఏజెన్సీలో పని నేర్చినవాడు. చలికాలములో అట్లాంటిక్ ప్రయాణికులు తగ్గి పెద్ద ఓడలు ఊరక నిలిచియుండుట చూచి, వానిని వెచ్చని మధ్యధరా సముద్రమునకు పంపిన నేమి అని ఆలోచించెను. అనేకులు నవ్విరి. అయినను 1891 జనవరి 22న అగస్టా విక్టోరియా అను ఓడ 241 మంది యాత్రికులతో బయలుదేరి, సుమారు రెండు నెలలు తిరిగి క్షేమముగా వచ్చెను. బాలిన్ స్వయముగా ఆ యాత్రలో పాల్గొనెను. దాని ఫలముగా 1900లో, కేవలము విహారమునకే, యాట్ ఆకారములో, 120 మొదటి తరగతి గదులతో ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిజె అను ఓడ కట్టబడినది. విహారమునకే కట్టిన మొదటి ఓడ ఇదియే యందురు. వలసపోవు బీదల కాసులతో పెరిగిన కంపెనీయే ఈ విలాసమునకును పునాది వేసినదని గమనింపవలెను.

స్ముర్న రేవు

1922 సెప్టెంబరులో స్ముర్న పట్టణము తగులబడెను. ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములలో నొకటి గల పట్టణమది. నేటి పేరు ఇజ్మీర్. మంటలకును సముద్రమునకును నడుమ లక్షలాది గ్రీకులు, ఆర్మేనియనులు రేవు కట్టపై చిక్కుకొనిరి. పలు దేశముల యుద్ధనౌకలు ఆ రేవులోనే యుండెను. తటస్థముగా ఉండవలెనను ఆజ్ఞ వలన మొదటి దినములలో అవి చేసినది స్వల్పము. అప్పుడు వై.ఎం.సి.ఎ. పక్షమున అక్కడ పనిచేయుచున్న ఏసా జెన్నింగ్స్ అను మెథడిస్టు పాదిరి, చేరువనున్న లెస్బోస్ ద్వీపమునకు పోయి, అక్కడ ఊరక నిలిచియున్న గ్రీకు ఓడల కొరకు ఆ ప్రభుత్వముతో తంతి సందేశముల ద్వారా పోరాడి, వానిని తెప్పించెను. ఆ ప్రయత్నము వలన రెండు లక్షలకు పైగా జనులు రక్షింపబడిరి. ఆయన ఓడల యజమాని కాడు, నావికాధికారియు కాడు.

ఆనాడు స్ముర్న నుండి శరణార్థియైన గ్రీకు కుటుంబములలో ఒకదాని యువకుడు అరిస్టాటిల్ ఒనాసిస్. 1923లో అర్జెంటీనా చేరి వ్యాపారము మొదలుపెట్టి, కాలక్రమమున ప్రపంచ ప్రసిద్ధ ఓడల యజమాని యాయెను. రెండవ ప్రపంచ యుద్ధములో నార్మండీ దాడిలో పాల్గొనిన ఒక కెనడా యుద్ధనౌకను 1954లో 34,000 డాలర్లకు కొని, సుమారు 40 లక్షల డాలర్లు ఖర్చుచేసి, 99 మీటర్ల విలాస నౌకగా మార్చి, తన కుమార్తె పేరున క్రిస్టీనా అని పిలిచెను. ఈతకొలను అడుగు పైకి లేచి నృత్యవేదికగా మారునట్లు ఏర్పాటుండెను. వృద్ధుడైన విన్‌స్టన్ చర్చిల్ పలుమారులు అందు అతిథియాయెను. నేటి పెద్ద యాట్‌లన్నిటికిని ఇది మాదిరి అని చెప్పవచ్చును. శరణార్థి విలాస నౌకాధిపతి యగుటకు నడుమ గడచినది ముప్పది రెండేండ్లే.

స్పంజి పడవలు

అన్ని విహారములును ధనముతోనే పుట్టలేదు. 1925లో టర్కీ ప్రభుత్వము జెవాత్ షాకిర్ అను రచయితను బోద్రుం అను చిన్న రేవు పట్టణమునకు దేశాంతరశిక్షగా పంపెను. ఆయన ఆ ఊరిని ప్రేమించి, శిక్ష తీరిన తరువాతను అక్కడనే నివసించి, హాలికర్నాసస్ జాలరి అని కలము పేరు పెట్టుకొనెను. 1940ల నుండి కొందరు స్నేహితులతో కలసి, సముద్రపు అడుగున స్పంజి తీయువారి పడవలలో రొట్టె, జున్ను, నీరు మాత్రము పెట్టుకొని తీరము వెంబడి తిరుగుచు ప్రాచీన శిథిలములను చూచెడివాడు. ఈ యాత్రలకు నీలి యాత్ర అని పేరు. వారిలో నొకరైన ఆజ్రా ఎర్హాత్ 1962లో ఆ పేరుతోనే గ్రంథము వ్రాసెను. నేడు అదే పేరుతో, అదే ఆకారముగల గూలెత్ పడవలలో, చల్లని గదులతో వారపు విహారములు అమ్మకమునకున్నవి. జాలరులకు కొత్త జీవనోపాధి కలిగినది. ఆనాటి నిరాడంబరత మాత్రము పోయినది.

రేవు పట్టణముల మొర

విహారము వలన ద్వీపవాసులకు ఆదాయము కలదు, నష్టమును కలదు. ఈ సముద్రపు అడుగున పొసిడోనియా అను గడ్డి పచ్చికబయళ్లవలె పెరుగును. చేపపిల్లలకు అదే ఊయల. లంగరులు దానిని వేళ్లతో పెకలించుచుండగా, 2018లో స్పెయిన్ దేశపు బలేరిక్ ద్వీపముల ప్రభుత్వము ఆ గడ్డిపై లంగరు వేయుటను నిషేధించెను. 2021 ఆగస్టు 1 నుండి పెద్ద ఓడలు వెనిస్ నగరపు నడిబొడ్డు కాలువలోనికి రాకుండ ఇటలీ ప్రభుత్వము ఆపివేసెను. శాంటోరిని ద్వీపమున 2025 నుండి దినమునకు 8,000 మంది ఓడ యాత్రికులకు మించి దిగరాదని హద్దు ఏర్పరచిరి. అతిథి మర్యాదకును ఒక హద్దు అవసరమని ఆ ఊళ్లవారి అనుభవము చెప్పుచున్నది.

ఒకే నీటిపై రెండు ఓడలు

యుద్ధములకును బీదరికమునకును తాళలేక ఆఫ్రికా, ఆసియా దేశముల ప్రజలు పాతపడవలలో ఈ సముద్రము దాటుచున్నారు. 2013 అక్టోబరు 3న లాంపెడూసా ద్వీపము చెంత ఒక పడవ మునిగి 360 మందికి పైగా మరణించిరి. 2023 జూన్ 14న గ్రీసు దేశపు పైలోస్ తీరమునకు దూరముగా ఒక చేపల ఓడ మునిగినది. లిబియా నుండి ఇటలీకి బయలుదేరిన ఆ ఓడలో సుమారు 750 మంది యుండిరని అంచనా; పాకిస్తాను, సిరియా, ఐగుప్తు వారు అనేకులు. బ్రతికినవారు 104 మంది మాత్రమే. వారిలో స్త్రీగాని శిశువుగాని లేరు.

ఆ రాత్రి పిలుపు విని వచ్చినవానిలో మాయన్ క్వీన్ 4 అను 93 మీటర్ల విలాస యాట్ ఒకటి. రక్షింపబడినవారిలో సుమారు నూరుమందిని ఆ నౌక కలమాటా రేవునకు చేర్చినది. విందులకొరకు కట్టిన తెల్లని ఓడ నుండి, తడిసిన బట్టలతో, దుప్పట్లు కప్పుకొని ఆ యువకులు దిగిరి.

విలాస నౌకలకును సముద్రము మినహాయింపు ఈయదు. 2024 ఆగస్టు 19న తెల్లవారకముందే సిసిలీలోని పోర్టిచెల్లో వద్ద లంగరు వేసియున్న బేయీసియన్ అను 56 మీటర్ల తెరచాప యాట్ తుపానుకు మునిగినది. 22 మందిలో ఏడుగురు చనిపోయిరి. వారిలో సంపన్నులును కలరు, వంటవాడును కలడు. తక్కిన పదునైదుగురిని సమీపమున నిలిచియున్న మరియొక ఓడ రక్షించినది.

ఆపదలో నున్నవారిని చేరి రక్షింపవలెనని ఓడల నాయకులను శాసించు నియమము 1974 నాటి సముద్ర భద్రతా ఒప్పందములోను, 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర న్యాయ ఒప్పందములోను కలదు. మునుగువాడు ఎవరు, ఏ దేశస్థుడు, టిక్కెట్టు కొనెనా లేదా అని ఆ నియమము అడుగదు. మెలితే వాసులు ఏ చట్టమును చదువకయే ఆ పని చేసిరి.

మధ్యధరా విహారమును మేము నిందించుటలేదు. సృష్టి సౌందర్యమును చూచి ఆనందించుట తప్పు కాదు. దానివలన నావికులకు, జాలరులకు, అంగడివారికి బ్రతుకుతెరువును దొరకుచున్నది. అయితే రెండువేల యేండ్ల చరిత్రను పరికించినప్పుడు మాకు తోచినది ఇది: కాలిగులా రత్నముల ఓడలు ఏ తీరమునను మిగులలేదు. మాల్టా వారు రాజబెట్టిన నిప్పు, జెన్నింగ్స్ తెప్పించిన ఓడలు, కలమాటాకు నూరుమందిని చేర్చిన నౌక – ఇవి చెప్పుకొనదగిన చరిత్రగా నిలిచినవి. ఓడ గొప్పతనము దాని పొడవులో లేదు. అర్ధరాత్రి పిలుపు వినబడినప్పుడు అది ఏ దిక్కునకు తిరిగెను అను దానిలో నున్నది.